ఈవ్ ఆన్‌లైన్: వేర్వేరు ఊళ్ళలో ఉన్న నలుగురు మిత్రులం కలిసి ఒక కార్పొరేషన్ నడుపుకోగలమా?

ప్రశ్న: వంశధార (గుణుపురం)

సభ్యులందరికీ నమస్కారం. ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్షపు ఆటను చాలాకాలంగా ఆడుతున్నవారి సలహా కోరుతూ ఇది రాస్తున్నాను. మేము నలుగురం మిత్రులం. నేను గుణుపురంలో ఉంటాను. మిగిలిన ముగ్గురు పర్లాకిమిడిలో, రాయగడలో, జయపురంలో ఉద్యోగాలూ వ్యాపారాలూ చేసుకుంటున్నారు. చదువుకునే రోజుల్లో విడిచి ఉండేవాళ్ళం కాదు. ఇప్పుడు పెళ్ళిళ్ళకూ పండుగలకూ తప్ప నలుగురం ఒకచోట చేరడం కుదరడం లేదు. సాయంత్రం పూట గంటా రెండు గంటలు కలిసి చేసుకునే వ్యాపకం ఏదైనా ఉంటే బాగుండునని వెతుకుతున్నప్పుడు, ఐస్‌లాండ్‌లోని సీసీపీ గేమ్స్ వారు 2003 మే నెలలో విడుదల చేసి ఇప్పటికీ నడుపుతున్న ఈ ఆట మా కంటబడింది.

గురిచూసి కాల్చే ఆటలు మాలో ఎవరికీ పెద్దగా పట్టలేదు. ఇందులో మాత్రం గ్రహశకలాల నుంచి ఖనిజం తవ్వేవారు, ఆ ఖనిజంతో ఓడలు కట్టేవారు, వాటిని సంతకు చేర్చేవారు, కొనుక్కుని యుద్ధంలో పోగొట్టుకునేవారు అందరూ ఆటగాళ్ళేననీ, ఏడు వేలకు పైగా నక్షత్ర వ్యవస్థలున్న న్యూ ఎడెన్ అనే ఒకే లోకంలో అందరూ కలిసే ఉంటారనీ చదివాక మాకు ఆశ పుట్టింది.

అయితే కొన్ని సందేహాలు తీరకుండా మొదలుపెట్టడానికి వెనకాడుతున్నాము. మాలో ఇద్దరికి ఇంటికి కేబుల్ ఇంటర్నెట్ ఉంది, మిగిలిన ఇద్దరం ఫోను హాట్‌స్పాట్ మీదే ఆధారపడతాము. సరిహద్దు కావడం వల్ల ఫోను ఒక్కోసారి ఒడిశా టవరును, ఒక్కోసారి ఆంధ్ర టవరును పట్టుకుంటూ ఉంటుంది, ఆ మార్పులో నెట్ తెగిపోతుంది. ఎండాకాలం సాయంత్రాలు ఈదురుగాలి లేచిందంటే కరెంటు ఎప్పుడు వస్తుందో చెప్పలేము. ఇటువంటి పరిస్థితిలో ఓడ నడుపుతుండగా సంబంధం తెగిపోతే మా ఆస్తి ఏమవుతుంది? డబ్బు కట్టకుండా ఎంతవరకు ఆడవచ్చు? అన్నిటికన్నా ముఖ్యంగా, నలుగురం కలిసి కార్పొరేషన్ (ఆటగాళ్ళు కలిసి ఏర్పరచుకునే సంఘం) పెట్టుకుంటే ఉమ్మడి ఆస్తిని ఏ పద్ధతిలో ఉంచుకోవాలి? స్నేహం నిలుపుకోవడానికి మొదలుపెట్టే ఆట స్నేహానికే ఎసరు పెట్టకూడదన్నది నా ఆందోళన. దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: కొలాబ్ లోయ (కొరాపుట్)

వంశధార గారూ, నేనూ మీ పరిసరాల వాడినే కనుక ఇంటర్నెట్ సంగతి ముందుగా చెబుతాను. మీ భయంలో సగం అనవసరం, సగం న్యాయమైనదే.

అనవసరమైన సగం వేగాన్ని గురించినది. ఈ ఆట సర్వరు లండన్‌లో ఉంది, దానికి ట్రాంక్విలిటీ అని పేరు. అది ఆటలోని చర్యలను సెకనుకు ఒకసారి లెక్కగడుతుంది. మీరు ఫిరంగిని పేల్చమని మీట నొక్కినా, ఓడను గేటు (ఒక నక్షత్ర వ్యవస్థ నుంచి మరొకదానికి దాటించే ద్వారం) వైపు తిప్పమన్నా, ఆ ఆజ్ఞ తరువాతి సెకను లెక్కలో అమలవుతుంది. మన ఊళ్ళ నుంచి లండన్‌కు సమాచారం వెళ్ళి రావడానికి పట్టేది సెకనులో చిన్న భాగం మాత్రమే కనుక, కాల్పుల ఆటల్లో మనల్ని ఓడించే ఆ జాప్యం ఇక్కడ దాదాపుగా తెలియదు. డేటా ఖర్చు కూడా ఆడుతున్నంతసేపు స్వల్పమే. మొదటి డౌన్‌లోడ్ మాత్రం బరువైనది. దాన్ని కేబుల్ ఉన్న మిత్రుల ఇంట్లో పూర్తి చేసుకోవడం మంచిది. లేకపోతే కొత్త చోటికి వెళ్ళిన ప్రతిసారీ దానికి సంబంధించిన బొమ్మలు దిగుతూ ఆట ఆగి ఆగి నడుస్తుంది.

న్యాయమైన సగం సంబంధం తెగడాన్ని గురించినది. మీరు అంతరిక్షంలో ఉండగా నెట్ తెగితే, మీ ఓడ తనంతట తాను అక్కడి నుంచి దూరంగా దూకడానికి ప్రయత్నిస్తుంది. ఎవరితోనూ తగవు లేని స్థితిలో ఉంటే కాసేపటికి అంతరిక్షం నుంచి మాయమవుతుంది, మళ్ళీ లాగిన్ కాగానే ఉన్నచోటికి తిరిగి వస్తుంది. కానీ ఇంకొక ఆటగాడితో పోరాటంలో ఉండగా తెగితే ఓడ పదిహేను నిమిషాల పాటు అందరికీ కనిపిస్తూ అక్కడే ఉంటుంది, కంప్యూటరు నడిపే శత్రువులతో పోరాడుతుంటే అయిదు నిమిషాలు. దూకే శక్తిని అడ్డుకునే పరికరాన్ని ఎవరైనా అప్పటికే మీ మీద ప్రయోగించి ఉంటే ఓడ కదలనే కదలదు. నెట్ పోయింది అన్న కారణానికి కంపెనీ వారు సాధారణంగా ఓడను తిరిగి ఇవ్వరు.

కాబట్టి హాట్‌స్పాట్ మీద ఉన్న ఇద్దరూ స్టేషన్ లోపల ఉండి చేసే పనులను ఎంచుకోండి. ఓడల తయారీ, స్టేషన్‌లో కొనుగోలు అమ్మకాలు, మార్కెట్ ధరల పరిశీలన అటువంటివి. తయారీ పనిని ఒకసారి ఫ్యాక్టరీకి అప్పగిస్తే మీరు లాగిన్ అయి ఉన్నా లేకపోయినా అది తన సమయం ప్రకారం సాగిపోతుంది. నైపుణ్యాల శిక్షణ కూడా అంతే. ఈ ఆటలో నైపుణ్యం గడియారంతో పాటు పెరుగుతుంది, కూర్చుని ఒకే పనిని వందసార్లు చేయనవసరం లేదు. కరెంటు పోయిన సాయంత్రం కూడా మీ పైలట్ నేర్చుకుంటూనే ఉంటాడు. మన ప్రాంతపు వారికి ఈ ఆట సరిపోతుందని నేను నమ్మడానికి ఇదే పెద్ద కారణం.

వేళల సంగతి ఒకటి. సర్వరును ప్రతిరోజూ 11:00 యూటీసీకి, అంటే మన సాయంత్రం నాలుగున్నరకు, కాసేపు ఆపి తిరిగి మొదలుపెడతారు. ఆ సమయంలోనే తవ్వకానికి అయిపోయిన గ్రహశకలాల పట్టీలు మళ్ళీ నిండుతాయి. ఐరోపా ఆటగాళ్ళు ఎక్కువగా వచ్చేది మనకు అర్ధరాత్రి ప్రాంతంలో, అమెరికా వారు వచ్చేది మన తెల్లవారుజామున. కాబట్టి మనం ఆరేడు గంటలకు కూర్చుంటే పట్టీలు ఇంకా నిండుగా ఉంటాయి, పోటీ పలుచగా ఉంటుంది. ఖనిజం తవ్వాలనుకునే మిత్రుడికి ఇంతకన్నా అనువైన వేళ దొరకదు.

జవాబు: ప్రాణహిత (సిరొంచ, గడ్చిరోలి జిల్లా)

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. 2016 నవంబరు నుంచి ఈ ఆటను ఉచితంగా ఆడవచ్చు. ఉచిత ఖాతాను ఆల్ఫా అంటారు, నెలవారీ చందా ఉన్న ఖాతాను ఒమేగా అంటారు. ఆల్ఫాకు శిక్షణ సగం వేగంతో సాగుతుంది, కొన్ని ఓడలూ కొన్ని నైపుణ్యాలూ అందవు, శిక్షణ వరుసలో ఒక రోజుకు మించి పేర్చుకోలేరు. అయినా చిన్న ఓడలు నడపడానికి, అన్వేషణకు, సరుకు రవాణాకు, ఆట మీకు నచ్చిందో లేదో తేల్చుకోవడానికి ఆల్ఫా చాలినంత ఉంది. ఒమేగా నెల చందాను 2022లో 15 డాలర్ల నుంచి 20 డాలర్లకు పెంచారు. ప్లెక్స్ అనే వస్తువును ఆటలోని డబ్బుతో, అంటే ఇస్క్‌తో, మార్కెట్‌లో కొని 500 ప్లెక్స్‌తో ఒక నెల ఒమేగా పొందవచ్చు. కానీ కొత్తవారు దానికోసం పాటుపడితే సాయంత్రాలన్నీ కూలికే సరిపోతాయి. ఆ ఆశ పెట్టుకోవద్దని నా గట్టి సలహా. ఇస్క్‌ను బయట రూపాయలకు అమ్ముతామనేవారి జోలికి అసలే వెళ్ళకండి, అది నిబంధనలకు విరుద్ధం, ఖాతా పోతుంది.

మరొక మాట. నలుగురూ కొత్తవారై ఉండి మొదటి రోజే సొంత కార్పొరేషన్ పెట్టడం నాకు సరైనదిగా తోచడం లేదు. 2004 నుంచి నడుస్తున్న ఈవ్ యూనివర్సిటీ అనే ఆటగాళ్ళ కార్పొరేషన్ కొత్తవారికి పాఠాలు చెప్పడానికే ఉంది. నలుగురూ కలిసి అందులో చేరి, పెద్దవాళ్ళు ఎలా నడుపుతున్నారో కళ్ళారా చూసి, ఆ తరువాత వేరుపడటం మంచిది. సిరొంచలో నాతో ఈ ఆట ఆడేవారు ఎవరూ లేక ఒంటరిగా మొదలుపెట్టినప్పుడు, ఎవరో తెలియని ఐరోపా వారు రాత్రి పూట ఓపికగా కూర్చుని ప్రోబులతో, అంటే వెతకడానికి వదిలే చిన్న పరికరాలతో, అన్వేషణ ఎలా చేయాలో నేర్పారు. ఆ మేలు నేను మరచిపోలేను.

జవాబు: గోపాలపూర్ గాలి (బరంపురం)

పై ఇద్దరి మాటలూ విలువైనవే. నేను ఈ ఆటలో ఎక్కువ కాలం వ్యాపారమే చేశాను కనుక ఆ కోణం నుంచి మీ ప్రధాన ప్రశ్నకు జవాబు చెప్పే ప్రయత్నం చేస్తాను.

మొదట మార్కెట్ ఎలా ఉంటుందో తెలియాలి. న్యూ ఎడెన్‌లో సరుకు ఎక్కడ అమ్ముడుపోయిందో అక్కడే ఉంటుంది, కొన్నవారు వెళ్ళి తెచ్చుకోవలసిందే. పర్లాకిమిడిలో ఒక ధర, సరిహద్దు దాటగానే పాతపట్నంలో ఇంకొక ధర పలికే సరుకును అటూ ఇటూ చేర్చి బతికే వ్యాపారులను మీరు చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నారు. ఇక్కడ జరిగేదీ అదే. అన్నిటికన్నా పెద్ద సంత జీటా అనే వ్యవస్థలో, నాలుగో గ్రహపు నాలుగో చంద్రుని దగ్గరున్న స్టేషన్‌లో ఉంటుంది. అందరూ దాన్ని జీటా 4-4 అంటారు. దాని తరువాత అమార్, డోడిక్సీ, రెన్స్, హెక్ వస్తాయి. జీటాలో చవకగా దొరికే తూటాలను, చిన్న ఓడల పరికరాలను ఎక్కడో మారుమూల స్టేషన్‌లో అమ్మకానికి పెడితే, ఓడ పోగొట్టుకుని అప్పటికప్పుడు మళ్ళీ యుద్ధానికి వెళ్ళాలనుకునేవారు పదిహేను గేట్లు దాటి రావడం ఇష్టంలేక ఎక్కువ ధర చెల్లిస్తారు. అమ్మకానికి పెట్టేటప్పుడు దళారీ రుసుము, అమ్ముడుపోయాక అమ్మకపు పన్ను కట్టాలి. బ్రోకర్ రిలేషన్స్, అకౌంటింగ్ అనే రెండు నైపుణ్యాలు నేర్చుకుంటే అవి తగ్గుతాయి. ఈ రెండు కోతలనూ లెక్కలో వేయకుండా లాభం వస్తుందనుకునే కొత్త వ్యాపారులను తరచూ చూస్తుంటాను.

ఇక దారి సంగతి. ప్రతి వ్యవస్థకూ అది ఎంత సురక్షితమో చెప్పే భద్రతాంకం ఉంటుంది. అది 0.5, అంతకు మించి ఉన్న వ్యవస్థలను హైసెక్ అంటారు. అక్కడ కాంకర్డ్ అనే పోలీసు దళం ఉంటుంది. అది నేరం చేసినవాడిని శిక్షిస్తుందే తప్ప నేరాన్ని ఆపదు. దోపిడీదారు గేటు దగ్గర కాపు వేసి, వచ్చే ప్రతి సరుకు ఓడను స్కాన్ చేసి లోపల ఏముందో చూస్తాడు. ఓడ పేలితే అందులోని ఒక్కొక్క సరుకు మిగలడానికీ నాశనం కావడానికీ సమాన అవకాశం ఉంటుంది. అందుచేత అతడు సరుకు విలువలో సగాన్ని ఒకవైపు, కాంకర్డ్ చేతిలో తాను పోగొట్టుకోబోయే చవక కెటలిస్ట్ ఓడల ధరను మరొకవైపు పెట్టి చూసుకుంటాడు. లాభం అనిపిస్తే దాడి చేస్తాడు, లేకపోతే మిమ్మల్ని పోనిస్తాడు. మీకు అతని మీద ఉన్న ఆయుధం ఆ లెక్కే. ఒక ప్రయాణంలో మోసే విలువ ఎంత తక్కువైతే దాడి అంత గిట్టుబాటు కాదు. జీటాకు వచ్చే దారిలో ఉవెడామా అనే వ్యవస్థ ఈ దోపిడీలకు పేరుమోసింది. ఆటోపైలట్ ఓడను గేటుకు కొంత దూరంలో దించి నెమ్మదిగా నడిపిస్తుంది, ఆ నడకలోనే చాలా ఓడలు పోతాయి. సరుకు ఉన్నప్పుడు మీరే నడపండి.

దారులు కూడా శాశ్వతం కావు. జీటా, అమార్‌ల మధ్య దగ్గరి హైసెక్ మార్గం నియార్జా అనే వ్యవస్థ గుండా పోయేది. 2020లో ట్రిగ్లేవియన్లు అనే, ఆటలోని శత్రు జాతి దండయాత్రలో ఆ వ్యవస్థ వారి పక్షానికి వెళ్ళిపోయింది. అది కూడా ఆటగాళ్ళే రెండు పక్షాలుగా చీలి పోరాడిన ఫలితం. ఆ ఒక్క వ్యవస్థ పోవడంతో తొమ్మిది గేట్ల సురక్షిత ప్రయాణం కాస్తా ఎన్నో రెట్లు చుట్టుదారి అయింది. ప్రాంతాల మధ్య ధరల తేడా పెరిగింది, రవాణా చేసేవారికి గిరాకీ పెరిగింది. వ్యాపారిగా నాకు ఈ ఆట మీద గౌరవం కలగడానికి ఇటువంటి ఘటనలే కారణం.

ఇప్పుడు మీ ముఖ్యమైన ప్రశ్న. కార్పొరేషన్‌కు ఉమ్మడి గిడ్డంగిలో ఏడు విభాగాలు, ఉమ్మడి ఖజానాలో ఏడు విభాగాలు ఉంటాయి. ఏ విభాగంలోకి ఎవరు చూడవచ్చు, ఎవరు తీసుకోవచ్చు అన్నది వేర్వేరుగా నిర్ణయించవచ్చు. కానీ డైరెక్టర్ హోదా ఇచ్చారంటే ఆ గీతలన్నీ చెరిగిపోయినట్టే, డైరెక్టర్‌కు అన్నీ అందుతాయి. 2009 ఫిబ్రవరిలో అప్పటికి అత్యంత బలమైన కార్పొరేషన్ల కూటముల్లో ఒకటైన బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్, యుద్ధంలో ఓడిపోకుండానే అంతమైపోయింది. అధికారాలున్న ఒక సభ్యుడు శత్రుపక్షమైన గూన్‌స్వార్మ్‌కు మారి, వెళుతూ వెళుతూ కూటమినే రద్దు చేశాడు. ఆ చర్య నిబంధనల లోపలే జరిగిందని కంపెనీ దాన్ని తిప్పివేయలేదు. 2014 జనవరిలో బీ-ఆర్5ఆర్‌బీ వ్యవస్థలో ఇరవై ఒక్క గంటల పాటు సాగి ఆటలో అన్నిటికన్నా పెద్దవైన టైటాన్ ఓడలను 75 బలిగొన్న యుద్ధానికి మూలం కూడా ఎవరి వీరావేశమో కాదు. ఆ వ్యవస్థ మీద హక్కుకు కట్టవలసిన బిల్లు గడువులోగా చెల్లింపు కాలేదు, హక్కు పోయింది, అవతలి పక్షం దిగింది. చాలా పెద్ద సంస్థల చరిత్ర తీసి చూసినా తాళంచెవి ఎవరి దగ్గర ఉంది, బిల్లు ఎవరు కట్టాలి అన్న రెండు ప్రశ్నల దగ్గరకే వస్తుంది. నేను మునుపు ఉన్న ఒక చిన్న కార్పొరేషన్‌లో కూడా ఒక సభ్యుడు అందరి ఖనిజాన్నీ తీసుకుని వెళ్ళిపోయాడు. అతడు మాకు ముఖపరిచయం లేనివాడు కనుక మనసుకు గుచ్చుకోలేదు. మీ విషయంలో అలా కాదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నా సూచన ఇది. ఉమ్మడిగా ఉంచవలసినది బ్లూప్రింట్లు, అంటే వస్తువుల తయారీ నమూనాలు, మాత్రమే. ఓడలు, ఖనిజం, డబ్బు ఎవరివి వారి దగ్గరే ఉండనివ్వండి. అసలు బ్లూప్రింట్‌ను పరిశోధన ద్వారా మెరుగుపరిస్తే తయారీకి కావలసిన ముడిసరుకు పది శాతం వరకు, సమయం ఇరవై శాతం వరకు తగ్గుతాయి. ఇది నెలల తరబడి నలుగురికీ పనికివచ్చే ఆస్తి. దాన్ని కార్పొరేషన్ ఆఫీసులో ఉంచి, షేర్లు నలుగురికీ సమానంగా పంచి, ఓటు ద్వారా తాళం వేసే సౌకర్యం ఉంది. అలా తాళం వేసిన బ్లూప్రింట్‌తో అనుమతి ఉన్నవారు పని చేయించుకోగలరు, కానీ మళ్ళీ ఓటు వేసి తాళం తీస్తే తప్ప ఒక్కరు దాన్ని బయటికి తీసుకుపోలేరు. ఇక ఒకరి సరుకు మరొకరు మోసేటప్పుడు ఆటలోని కొరియర్ కాంట్రాక్టునే వాడండి. అందులో మోసేవారు ముందుగా కట్టవలసిన పూచీ మొత్తం రాస్తారు. సరుకు చేరకపోతే ఆ మొత్తం సరుకు యజమానికి చెందుతుంది.

వంశధార (గుణుపురం)

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఇంటర్నెట్, డబ్బు విషయాలలో నా సందేహం తీరిపోయింది. బ్లూప్రింట్లకు తాళం వేసే పద్ధతి మా వాళ్ళందరికీ నచ్చింది. కానీ బరంపురం మిత్రులు చెప్పిన పూచీ విషయం మాత్రం మింగుడుపడటం లేదు. ఇరవై ఏళ్ళుగా ఒకరి ఇంట్లో ఒకరు అన్నం తిన్నవాళ్ళం. నా సరుకు పర్లాకిమిడి మిత్రుడు మోసుకెళుతుంటే అతడి దగ్గర పూచీ కట్టించుకోవడమంటే అతడిని అనుమానించినట్టు కాదా? అతడికి ఈ మాట చెప్పినప్పుడు పైకి ఏమీ అనలేదు గానీ, కాసేపు మౌనంగా ఉండిపోయాడు.

గోపాలపూర్ గాలి (బరంపురం)

మీ సంకోచం నాకు అర్థమవుతుంది. కానీ పూచీ అన్నది అతని నిజాయితీని గురించినది కాదు. ఉవెడామా గేటు దగ్గర ఓడ పేలిపోయిందనుకోండి. అతడు దొంగిలించలేదు, అశ్రద్ధ చేయలేదు. అయినా సరుకు పోయింది. ఆ నష్టం మీదా, అతడిదా, ఇద్దరూ పంచుకోవాలా? ఈ ప్రశ్నకు ముందే జవాబు లేకపోతే ఆ రాత్రి మీరు "ఫరవాలేదులే" అంటారు, అతడు మొహమాటంతో తన డబ్బు తీసి ఇస్తానంటాడు, మీరు వద్దంటారు. మరో రెండుసార్లు అలాగే జరిగితే అతడు మీ సరుకు మోయడం తగ్గించుకుంటాడు. మీరు అది గమనించి అడగడం మానేస్తారు. ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనకుండానే దూరం వస్తుంది. మిత్రుల మధ్య నేను చూసిన ఎడబాట్లు ఎక్కువగా ఇటువంటివే.

కాబట్టి పూచీ మొత్తాన్ని సరుకు పూర్తి విలువకు పెట్టనవసరం లేదు. సగానికి పెట్టండి. అంటే సరుకు పోతే సగం నష్టం మీది, సగం అతడిది అని ముందే ఒప్పుకున్నట్టు. అతడికి ఇచ్చే కిరాయిని కూడా ఆ బాధ్యతకు తగినట్టుగా పెంచండి. నలుగురికీ ఇదే నియమం వర్తింపజేయండి, మీరే ప్రతిపాదించి మొదట అతడి సరుకు మోయడంతో ప్రారంభించండి. మీరు ముందు పూచీ కట్టి చూపిస్తే అతడికి చిన్నతనం అనిపించదు.

ప్రాణహిత (సిరొంచ)

మొదటి రోజే సొంత కార్పొరేషన్ వద్దని నేను ఇంతకుముందు చెప్పిన మాటను కొంత సవరించుకుంటున్నాను. మీ నలుగురికీ ముందే ఒకరినొకరు బాగా తెలుసు కనుక సొంత కార్పొరేషన్ పెట్టుకోవడంలో తప్పులేదు. అయినా నేర్చుకోవడం మాత్రం బయటివారి దగ్గరే చేయండి. మొదట నలుగురూ విడివిడిగా, ఆటలో కొత్తవారికి పనులు అప్పగించే కెరీర్ ఏజెంట్ల పనులు పూర్తి చేయండి. అన్వేషణ, తయారీ, రవాణా, పోరాటం ఒక్కొక్కటీ రుచి చూపించి, చేసినందుకు చిన్న ఓడలనూ పరికరాలనూ ఇస్తారు. ఎవరికి ఏ పని మీద మనసు ఉందో అక్కడే తేలిపోతుంది. ముందే కాగితం మీద పనులు పంచుకుంటే, తవ్వకం అంటే విసుగు పుట్టేవాడు మొహమాటానికి తవ్వుతూ కూర్చోవలసి వస్తుంది.

కేబుల్ నెట్ ఉన్న ఇద్దరిలో ఒకరికి అన్వేషణ నచ్చితే బాగుంటుందని నా కోరిక. హెరాన్ గానీ ఇమికస్ గానీ ఏదో ఒక చవక ఫ్రిగేట్‌కు, అంటే చిన్న ఓడకు, ప్రోబుల లాంచరు, శిథిలాలను తెరిచే రెలిక్ అనలైజరు తగిలించుకుని బయలుదేరవచ్చు. ప్రోబులను నాలుగు దిక్కులా పరచి, సంకేతం చుట్టూ కొద్దికొద్దిగా దగ్గరికి లాగుతూ, అది నూరు శాతానికి చేరిన క్షణంలో తెలియని చోటు మ్యాపు మీద స్థిరపడుతుంది. ఆ పని ఎన్నిసార్లు చేసినా నాకు విసుగు రాలేదు. గేట్లు లేని వ్యవస్థలకు దారి తీసే వార్మ్‌హోల్ లోపలికి వెళితే స్థానిక జాబితాలో ఎవరున్నారో కనిపించదు, కాంకర్డ్ ఉండదు. చుట్టుపక్కల ఓడలను చూపే డైరెక్షనల్ స్కానరును కొన్ని సెకన్లకొకసారి నొక్కుతూ ఉండవలసిందే. నెట్ తెగే అలవాటున్నవారు మాత్రం అటు వెళ్ళకండి.

కొలాబ్ లోయ (కొరాపుట్)

చివరిగా కొన్ని ఆచరణ విషయాలు చెబుతాను. ఆటలోని గడియారం యూటీసీ ప్రకారం నడుస్తుంది. మీరు రాత్రి ఏడున్నరకు కలవాలనుకుంటే ఆటలో 14:00 అని చూసుకోండి. మాట్లాడుకోవడానికి ఫోనులో వేరే యాప్‌లో గుంపు పెట్టుకుంటే, ఒకరి నెట్ తెగినా ఫోనులోనే మాట కొనసాగుతుంది, "నా ఓడ గేటు దగ్గర ఉండిపోయింది, చూడండి" అని చెప్పగలుగుతారు.

స్థావరానికి జీటానే ఎంచుకోవద్దు. తయారీ పనులు ఎక్కువగా జరిగే వ్యవస్థలో తయారీ ఖర్చు సూచిక పెరుగుతుంది, జీటా చుట్టుపక్కల అది అధికంగా ఉంటుంది. జీటాకు ఏడెనిమిది గేట్ల దూరంలో, భద్రతాంకం 0.7కు తగ్గకుండా, ఫ్యాక్టరీ ఉన్న స్టేషన్, రెండు మూడు గ్రహశకలాల పట్టీలు ఉన్న వ్యవస్థ ఏదైనా చాలు. మధ్యదారిలో 0.4 గానీ అంతకు తక్కువ గానీ ఉన్న వ్యవస్థ రాకుండా మ్యాపులో సురక్షిత మార్గం అన్నది ఎంచుకుని సరిచూసుకోండి.

కార్పొరేషన్ పేరును ఒకసారి పెట్టాక మార్చుకోలేరు, అదీ ఆంగ్ల అక్షరాలలోనే పెట్టాలి, కనుక నలుగురూ కూర్చుని నిదానంగా తేల్చుకోండి. కెరీర్ ఏజెంట్ల పనులు అయ్యాక మీరు చూసిపెట్టుకున్న వ్యవస్థల పేర్లు ఇక్కడ రాయండి. నేను ఆ దారుల్లో తరచూ తిరుగుతూ ఉంటాను, ఏ గేటు దగ్గర కాపు ఎక్కువో, ఏ వేళలో తక్కువో చూసి చెబుతాను.